ఫాల్సిపేరం మలేరియా: జ్వరం దిగింది, ప్లేట్‌లెట్లు 58 వేలు. ఇంట్లో ఉంచవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పరకాల దగ్గరి మీ తమ్ముడు ఇరవై ఆరేళ్ళవాడు, వరికోత యంత్రం డ్రైవరు. కోతలకు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు వెళ్ళి వచ్చాడు. ఇల్లు చేరిన వారానికి చలి, వణుకు, జ్వరం. ఊళ్ళో టైఫాయిడ్ అని నాలుగు రోజులు సూదులు వేశారు. తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేస్తే పీఎఫ్, అంటే ఫాల్సిపేరం మలేరియా, పాజిటివ్ వచ్చింది. తెల్ల ప్యాకెట్ మాత్రలు రెండు రోజులు వేసుకున్నాడు, జ్వరం దిగింది. ప్లేట్‌లెట్లు 58 వేలున్నాయని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి ఎక్కించాలంటున్నారు. ఇంట్లో ఐదో నెల గర్భిణి అయిన మరదలు, మూడేళ్ళ పాప ఉన్నారు. అతణ్ణి ఇంట్లో ఉంచవచ్చా, జబ్బు మళ్ళీ వస్తుందా, వీళ్ళకు అంటుకుంటుందా అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెబుతాను. అతను మామూలుగా మాట్లాడుతూ, తిన్నది నిలుపుకుంటూ, లేచి నడుస్తూ, మూత్రం సరిగా పోస్తుంటే ఇంట్లో ఉంచవచ్చు. మూడో రోజు మాత్రలు మాత్రం తప్పకుండా వేయించండి. జ్వరం దిగింది కదా అని ఆఖరి రోజు మాత్రలు చూరులో దోపి మరిచిపోవడం మన దగ్గర చాలా ఇళ్ళలో జరిగేదే. 58 వేలకు ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కరలేదు. దానికయ్యే ఖర్చులో కొద్ది భాగం పెట్టి రేపు పొద్దున్నే హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పని తెలిపేది), బిలిరుబిన్ (కామెర్లను తెలిపేది), షుగర్ పరీక్షలు చేయించండి. కింద చెప్పబోయే ప్రమాద లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారే దాకా ఆగకుండా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

నేను హనుమకొండలో ఫిజీషియన్‌ని. అంతకు ముందు చాలా కాలం ఏటూరునాగారం ఏజెన్సీలో పనిచేశాను. ఫాల్సిపేరంతో చనిపోయినవాళ్ళను చూశాను. మూడు రోజుల మాత్రలతో లేచి పొలానికి వెళ్ళినవాళ్ళను అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువమందిని చూశాను. ఈ రెండు రకాలవాళ్ళకూ మధ్య నాకు కనిపించిన తేడా దాదాపు ప్రతిసారీ ఒక్కటే: సరైన మందు ఏ రోజు మొదలైంది అన్నది.

అలా ఎందుకో అర్థం కావాలంటే ఈ పరాన్నజీవి చేసే పని కొంచెం తెలియాలి. మన వైపు ప్రధానంగా కనిపించేవి వైవాక్స్, ఫాల్సిపేరం అనే రెండు రకాలు. ల్యాబ్ చీటీ మీద పీవీ, పీఎఫ్ అని రాసేది వీటినే. వైవాక్స్ లేత ఎర్రకణాల్లోకి మాత్రమే దూరుతుంది కాబట్టి రక్తంలో దాని సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది. ఫాల్సిపేరంకు ఆ పట్టింపు లేదు, లేతదైనా ముదురుదైనా దూరుతుంది. సుమారు 48 గంటలకొకసారి ఆ కణాలు పగిలి కొత్త తరం బయటికి వస్తుంది. అడ్డు లేకపోతే ఒక్కో చుట్టుకు పది రెట్ల దాకా పెరగగలదు. మీ తమ్ముడికి టైఫాయిడ్ సూదులతో గడిచిన నాలుగు రోజుల్లో ఎన్ని చుట్లు తిరిగి ఉంటాయో మీరే లెక్క వేసుకోవచ్చు.

అసలు ప్రమాదం సంఖ్యలో కన్నా అతుక్కోవడంలో ఉంది. పరాన్నజీవి ఎదిగే కొద్దీ ఎర్రకణం పైపొర మీద సన్నని బుడిపెలు లేస్తాయి. వాటితో ఆ కణం చిన్న రక్తనాళాల లోపలి గోడలను పట్టుకుని అక్కడే నిలిచిపోతుంది. మెదడులో, కిడ్నీల్లో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, గర్భిణికైతే మాయలో కూడా. రక్తం అక్కడ సరిగా కదలదు, ఆక్సిజన్ అందదు, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. వేలి కొస నుంచి తీసిన చుక్కలో మనకు కనిపించేది తిరుగాడుతున్న లేత దశ మాత్రమే. ముదిరినవి లోపల గోడలకు అంటుకుని దాక్కుని ఉంటాయి. అందుకే స్లైడులో తక్కువగా ఉన్నాయంటే జబ్బు తక్కువగా ఉందని నేను అనుకోను.

ఏజెన్సీలో ఉన్నప్పుడు గోదావరి అవతలి గూడెం నుంచి ఒక యువకుణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. ముందు రోజు సాయంత్రం నుంచి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడని, గాలి సోకిందని కోడిని కోసి తాయెత్తు కట్టారు. తెల్లవారేసరికి మాట కూడా లేదు. ఒళ్ళు పట్టుకుంటే పెద్ద వేడి లేదు. రక్తపు పూతకు జీమ్సా రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఫీల్డు తర్వాత ఫీల్డు జరుపుతూ పోతే చాలాసేపటికి ఒక ఉంగరం (పరాన్నజీవి లేత రూపం) దొరికింది: దారమంత సన్నని నీలి గీత, దాని మీద రెండు ఎర్రటి చుక్కలు. ఉంగరాలు అంత తక్కువ. కానీ తెల్లకణాల లోపల చూస్తే గోధుమ రంగు పొడి రేణువులు, ఒకదానిలో కాదు, వరుసగా చాలావాటిలో. పగిలిపోయిన ఎర్రకణాల నుంచి వచ్చిన మలేరియా రంగు పొడి అది. అన్ని తెల్లకణాల్లో కనిపిస్తే లోపల చాలా జరిగిపోయిందని గుర్తు. షుగర్ చూస్తే 36. వెంటనే నరంలోకి గ్లూకోజు ఇస్తే కొద్ది నిమిషాల్లో కళ్ళు కదిలించాడు. ఆర్టిసునేట్ సూదులు మొదలుపెట్టి వరంగల్‌కు పంపాం. బతికాడు. మెదడుకు సోకిన మలేరియాలో షుగర్ పడిపోవడం ఎంత మామూలో, దాన్ని చూడకుండా వదిలేయడం కూడా అంతే మామూలు. ఈ జ్వరంతో ఎవరు మగతగా ఉన్నా మొదట వేలు గుచ్చి షుగర్ చూడమని నా దగ్గర పనిచేసే పిల్లలకు విసుగొచ్చేలా చెబుతుంటాను.

ఏవి కనిపిస్తే పరుగెత్తాలి: మగత, తడబడే మాట, వింత ప్రవర్తన, ఫిట్స్. కూర్చోలేనంత, నిలబడలేనంత నీరసం. పడుకున్నా తగ్గని ఆయాసం. కళ్ళు పచ్చబడడం. మూత్రం బాగా తగ్గడం, లేదా నల్ల టీ రంగులో రావడం. మాత్ర నిలవనంతగా వాంతులు. ఎక్కడి నుంచైనా రక్తం. అరచేతులు, నాలుక తెల్లగా పాలిపోవడం, పిల్లల్లో ముఖ్యంగా. కాళ్ళు చేతులు చల్లబడి బీపీ పడిపోవడం. ల్యాబ్ రిపోర్టులో అయితే షుగర్ 40 కన్నా తక్కువ, క్రియాటినిన్ 3 కన్నా ఎక్కువ, పెద్దవాళ్ళలో హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువ ఉంటే దాన్ని తీవ్రమైన మలేరియా కిందే లెక్కవేస్తాం.

ఈ జాబితాలో జ్వరం లేదని గమనించారా? రోజు విడిచి రోజు, గంట కొట్టినట్లు వచ్చే జ్వరమే మలేరియా అని చాలామంది అనుకుంటారు. ఫాల్సిపేరంలో జ్వరం వేళాపాళా లేకుండా వస్తుంది, రోజంతా ఉండవచ్చు, ఒక్కోసారి దిగి ఉన్నప్పుడే మనిషి మగతలోకి జారుతాడు. పారాసిటమాల్ వేస్తే ఎటూ దిగుతుంది. కాబట్టి థర్మామీటరును చూసి ధైర్యం తెచ్చుకోకండి. రాత్రి రెండు మూడు సార్లు లేపి పేరు, ఊరు అడగండి, మంచినీళ్ళు తాగించండి.

ఇప్పుడు ప్లేట్‌లెట్ల సంగతి. డెంగ్యూ వచ్చినప్పటి నుంచి మన జిల్లాల్లో ఆ సంఖ్య ఒక భయంగా మారింది. రైతు కూడా తన ప్లేట్‌లెట్లు ఎన్నో నోటికి చెబుతాడు, కిడ్నీ సంగతి అడిగితే తెలియదంటాడు. మలేరియాలో ప్లేట్‌లెట్లు తగ్గడం చాలామంది రోగుల్లో కనిపిస్తుంది, వైవాక్స్‌లో కూడా. రక్తస్రావం లేకపోతే 30 వేలున్నా చూస్తూ ఊరుకుంటాను. ఎక్కించే ఆలోచన వచ్చేది రక్తం కారుతున్నప్పుడు, లేదా 10 వేల కిందికి పడినప్పుడు. పరాన్నజీవి చస్తే ప్లేట్‌లెట్లు వాటంతట అవే కొద్ది రోజుల్లో పైకి లేస్తాయి. బొప్పాయి ఆకు రసం తాగించాలా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను: అక్కరలేదు. అసలే వాంతులవుతున్నవాడికి ఆ చేదు పట్టించి, వేసిన మాత్ర కూడా కక్కించుకోవడం తప్ప అందులో నాకు లాభం కనిపించలేదు.

మాత్రల గురించి. మీకిచ్చిన తెల్ల ప్యాకెట్ పదిహేనేళ్ళు దాటినవాళ్ళది. అందులో రెండు మందులుంటాయి. ఆర్టిసునేట్ మూడు రోజులూ వేసుకోవాలి. సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్ మొదటి రోజు ఒక్కసారే. ఆర్టిసునేట్ వేగంగా పరాన్నజీవి మీద పడి ఎక్కువ భాగాన్ని తుడిచేస్తుంది, కానీ కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. మిగిలిపోయినవాటి పని పట్టేది రోజుల తరబడి నిలిచే రెండో మందు. ఒక్క ఆర్టిసునేట్ మాత్రలే విడిగా వాడితే జ్వరం దిగుతుంది, తర్వాత తిరగబెడుతుంది, పరాన్నజీవి మందుకు అలవాటు పడుతుంది. అందుకే ఆర్టిసునేట్ లాంటి ఆర్టిమిసినిన్ జాతి మాత్రలను ఒంటరిగా అమ్మడాన్ని మన దేశంలో 2009లో నిషేధించారు. క్లోరోక్విన్ ఫాల్సిపేరంకు పనికిరాదు. ఆ మందుకు ఇది లొంగడం లేదని మన దేశంలో మొదట 1973లో అస్సాంలో బయటపడింది. ఇప్పటికీ కొన్ని మందుల దుకాణాల్లో మలేరియా అనగానే అదే చేతిలో పెడుతున్నారు.

ప్రైవేటులో ఎక్కువగా రాసేది ఆర్టిమీథర్-ల్యూమెఫాంట్రిన్. అదీ మంచి మందే. మొత్తం ఆరు మోతాదులు, మూడు రోజులు. మొదటిది వేసిన ఎనిమిది గంటలకు రెండోది, ఆ తర్వాత రోజుకు రెండు పూటలు. పాలతోనో, కాస్త నూనె ఉన్న భోజనంతోనో వేసుకోవాలి, లేకపోతే సరిగా ఒంటపట్టదు. జ్వరంలో కొవ్వు వద్దని పథ్యం పెట్టి గంజి నీళ్ళతో ఈ మాత్ర వేయించే పెద్దవాళ్ళకు నచ్చజెప్పడం నా వృత్తిలో ఒక భాగమైపోయింది. ఏ ప్యాకెట్ అయినా పరగడుపున వద్దు. వేసిన అరగంటలోపు వాంతి అయితే మళ్ళీ వేయాలి. రెండోసారి కూడా కక్కేస్తే ఇక మాత్రల దశ దాటిపోయినట్లే, సూది మందు కావాలి.

సల్ఫా మందులు గతంలో పడకపోయి ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. మీ తమ్ముడికి నోట్లో పుండ్లు, ఒంటిమీద పొక్కులు లేస్తే చూపించండి. ఇంకొక చిన్న విషయం: నీరసానికని 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చి ఉంటే ఒక రెండు వారాలు ఆపండి, సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్ పనికి అది అడ్డుపడుతుంది.

ప్రైమాక్విన్ అనే మాత్ర కూడా రెండో రోజు ఇచ్చి ఉండాలి, అడిగి చూడండి. ఇది జ్వరం తగ్గడానికి కాదు. రక్తంలో మిగిలిపోయే నెలవంక ఆకారపు గామెటోసైట్లను చంపడానికి. దోమకు ఎక్కేది ఆ రూపమే. ఫాల్సిపేరంలో ఇది ఒక్క మోతాదు చాలు. పద్నాలుగు రోజుల కోర్సు వైవాక్స్‌కు. పీఎఫ్ రోగులకు కూడా రెండు వారాలు రాసిన చీటీలు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. రెండు రకాలూ కలిసి ఉంటే తప్ప అది అనవసరం. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ఈ మందు ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళలో ఎర్రకణాలు పగిలి మూత్రం నల్లబడవచ్చు. అలా కనిపిస్తే మాత్ర ఆపి రావాలి. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు మిత్రులు చదువుతుంటే వాళ్ళకొక మాట. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త లోపం ఒక పాలు మాత్రమే (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే) ఉన్నవాళ్ళకు తీవ్రమైన ఫాల్సిపేరం నుంచి కొంత రక్షణ ఉంటుంది. రెండు పాళ్ళూ ఉండి జబ్బుగా ఉన్నవాళ్ళకు మాత్రం మలేరియా చాలా ప్రమాదం, మొదటి రోజే ఆసుపత్రికి రావాలి.

తీవ్రమైన స్థితిలో చేసే వైద్యం ఆసుపత్రి పని కాబట్టి కొద్దిగానే చెబుతాను. నరంలోకి ఆర్టిసునేట్, కిలోకు 2.4 మిల్లీగ్రాముల చొప్పున వెంటనే ఒకటి, 12 గంటలకు, 24 గంటలకు, ఆపైన రోజుకొకటి. ఇరవై కిలోల లోపు పిల్లలకు కిలోకు 3 మిల్లీగ్రాములు. మింగగలిగే స్థితికి వచ్చాక మూడు రోజుల మాత్రల కోర్సు పూర్తిగా ఇవ్వాలి, అది మరవకూడదు. ఒకప్పుడు మేమంతా క్వినైన్ డ్రిప్ పెట్టి చెవుల్లో హోరు, షుగర్ పడిపోవడం చూస్తూ కూర్చునేవాళ్ళం. 2005లో ఆసియా దేశాల్లో జరిగిన పెద్ద పరిశోధనలో క్వినైన్‌తో పోలిస్తే ఆర్టిసునేట్ మరణాలను మూడో వంతుకు పైగా తగ్గించింది. 2010లో ఆఫ్రికా పిల్లల్లోనూ అదే దిశలో ఫలితం వచ్చింది. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఈ సూది తీసుకున్నవాళ్ళలో కొందరికి ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య ఎర్రకణాలు మళ్ళీ పగిలి రక్తం తగ్గుతుంది. కాబట్టి ఇంటికి వెళ్ళాక వారానికొకసారి నాలుగు వారాల పాటు హిమోగ్లోబిన్ చూడాలి.

చేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి, అవి మన ఊళ్ళలో రోజూ జరుగుతున్నవే. మొదటిది సెలైన్. "నీరసంగా ఉన్నాడు, రెండు సీసాలు ఎక్కించండి సారూ" అని అడగని బంధువు లేడు. తీవ్రమైన ఫాల్సిపేరంలో పెద్దవాళ్ళకు లెక్క లేకుండా సీసాలు ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మాత్రలతో కోలుకుంటున్నవాడు ఆ సీసాలతో ఆయాసంలోకి వెళ్ళడం నేను చూశాను. నోటితో తాగగలిగితే నోటితోనే తాగించండి. రెండోది డెక్సా. జ్వరం దిగాలని వేసే ఆ స్టెరాయిడ్ సూది మెదడు మలేరియాలో మేలు చేయకపోగా కోమాను పొడిగిస్తుందని 1982లోనే తేలింది. మూడోది డైక్లోఫెనాక్ సూది. ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నప్పుడు, కిడ్నీలు నలుగుతున్నప్పుడు అది రెండు విధాలా చెరుపు. జ్వరానికి పారాసిటమాల్, తడి గుడ్డ చాలు.

నాలుగోది టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ రక్త పరీక్ష. దీని మీద నాకు కొంచెం కోపం ఎక్కువ, క్షమించాలి. టైఫాయిడ్ తరచుగా ఉండే మన ప్రాంతంలో చాలామంది రక్తంలో ఆ యాంటీబాడీలు ముందే కొంత ఉంటాయి. మలేరియా వచ్చినప్పుడు అవి తప్పుగా పాజిటివ్ చూపవచ్చు కూడా. ఒకే ఒక్క వైడాల్ చీటీ పట్టుకుని టైఫాయిడ్ అని నిర్ధారించడం సరికాదు. "మలేరియా, టైఫాయిడ్ రెండూ ఉన్నాయన్నారు" అంటూ వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఉన్నది ఒక్కటే. మీ తమ్ముడి విషయంలో పోయిన నాలుగు రోజులు ఆ చీటీ ఖాతాలోవే. అడవి వైపు వెళ్ళి వచ్చినవాడికి జ్వరమంటే మొదటి రోజే మలేరియా పరీక్ష చేయాలి. మొదటిసారి నెగెటివ్ వచ్చినా అనుమానం పోకపోతే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలకు ఇంకొకసారి, అవసరమైతే మూడోసారి. వానాకాలంలో డెంగ్యూ, స్క్రబ్ టైఫస్ కూడా ఇదే వేషంలో వస్తాయి కాబట్టి మలేరియా లేదని తేలాక వాటిని వెతకాలి.

మళ్ళీ వస్తుందా అన్నారు. వైవాక్స్ కాలేయంలో నిద్రాణంగా ఉండి నెలల తర్వాత లేస్తుంది. ఫాల్సిపేరంకు ఆ గుణం లేదు. మందు పూర్తిగా వేసుకోకపోయినా, మందుకు పరాన్నజీవి పూర్తిగా లొంగకపోయినా నాలుగు వారాల్లోపు తిరగబెట్టవచ్చు. ఆ తర్వాత వస్తే చాలావరకు కొత్తగా కుట్టిన దోమ ఇచ్చిందే. ఒక హెచ్చరిక: తగ్గిందో లేదో చూడటానికి కిట్టు పరీక్ష చేయించకండి. అది పట్టేది పరాన్నజీవి వదిలిన ప్రోటీనును. అది చచ్చాక కూడా కొన్ని వారాల పాటు రక్తంలో ఉండిపోతుంది. పాజిటివ్ గీత చూసి భయపడి మళ్ళీ కోర్సు వేసుకున్నవాళ్ళున్నారు. స్లైడు పరీక్షే చేయించాలి.

ఇక ఇంట్లోవాళ్ళు. పక్కన కూర్చుంటే, ఒకే కంచంలో తింటే, నీళ్ళు మారితే ఇది రాదు. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో ఈ పరాన్నజీవిని కనిపెట్టాడు. ఆ చోటు మనకు మూడు గంటల ప్రయాణం. అయినా నీళ్ళు పడక మలేరియా వచ్చిందనేవాళ్ళు వారానికొకరైనా నా దగ్గరకు వస్తుంటారు. మీ తమ్ముణ్ణి కుట్టిన అనాఫిలిస్ దోమలో పరాన్నజీవి ఎదగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, ఆ తర్వాతే అది ఇంకొకరికి ఇవ్వగలదు. కాబట్టి ఇప్పుడు దోమతెరలో మొదట పడుకోబెట్టాల్సింది అతన్నే. సాధారణంగా జబ్బు చేసినవాణ్ణి గాలి ఆడాలని వరండాలో వేసి, పిల్లల్ని తెరలో పెడతారు. పిల్లలకూ తెర కావాలి, అతనికీ కావాలి.

మీ మరదలికి ఇప్పుడు జ్వరం లేకపోతే ముందు జాగ్రత్తగా మందులేమీ అక్కరలేదు. వచ్చే నెల రోజుల్లో ఒక్క డిగ్రీ వేడి తగిలినా ఆ రోజే పరీక్ష. గర్భిణిలో పరాన్నజీవి మాయలో చేరి గర్భం పోవడానికి, నెలలు నిండక ముందే కాన్పుకు, తక్కువ బరువు బిడ్డకు కారణమవుతుంది. రక్తం, షుగర్ త్వరగా పడిపోతాయి. ఐదో నెలలో ఆర్టిమిసినిన్ కలిసిన మందులు ధైర్యంగా వాడవచ్చు, ప్రైమాక్విన్ తప్ప. మొదటి మూడు నెలల్లో ఒకప్పుడు క్వినైన్ మాత్రమే ఇచ్చేవాళ్ళం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దశలోనూ ఆర్టిమీథర్-ల్యూమెఫాంట్రిన్ వాడవచ్చని చెప్పింది. నిర్ణయం చూసే డాక్టరుదే. పాపకు అవసరం పడితే వచ్చేది ఒకటి నుంచి నాలుగేళ్ళవాళ్ళ పసుపు ప్యాకెట్. పెద్దవాళ్ళ మాత్ర విరిచి అందాజుగా వేయకండి.

నివారణలో ఊరికొక లెక్క ఉంటుంది. పరకాలలో, హనుమకొండలో స్థానికంగా ఫాల్సిపేరం అరుదు. మాకు కనిపించేవి చాలావరకు ఏజెన్సీ నుంచో, గోదావరి దాటో వచ్చినవి. ముళ్లకట్ట దగ్గర వంతెన పడ్డాక బస్తర్ వైపు రాకపోకలు సులువయ్యాయి. మిర్చి కోతలకు అటు నుంచి కూలీలు వస్తారు, మన యంత్రాలు అటు వెళతాయి. మలేరియా ఎక్కువున్న ఊళ్ళలో పెరిగినవాళ్ళ ఒంట్లో పరాన్నజీవి ఉన్నా జ్వరం రాకపోవచ్చు. అలాంటి అలవాటు లేని మీ తమ్ముడి లాంటివాడికి అదే దోమ కుడితే పడిపోతాడు. కూలీల వల్ల జబ్బు వస్తోందని తిట్టేవాళ్ళకు నేను చెప్పేది, వాళ్ళుండే గుడిసెల దగ్గరకు ఆశా కార్యకర్తను కిట్టుతో పంపమని.

పల్లెల్లో మలేరియాను మోసే ప్రధానమైన దోమ అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. మురికి కాలువ దీనికి నచ్చదు. వాన వెలిశాక వాగులో మిగిలిన మడుగులు, వరి మడుల అంచులు, కాలువ కింద ఊటనీరు, వాడని బావులు దీని చోట్లు. కుట్టేది చీకటి పడ్డాకే. డెంగ్యూ దోమ పగటిది, అందుకే రెండింటికీ ఒకే జాగ్రత్త చాలదు. కుట్టి, రక్తం తాగి, బరువెక్కి దగ్గరి గోడ మీదో పశువుల కొట్టంలోనో వాలుతుంది. గోడలకు మందు కొట్టేది ఆ వాలే చోటు కోసమే. ఏజెన్సీలో ఒక ఇంట్లో నేను చూసింది చెబుతాను. పొద్దున మలేరియా సిబ్బంది వచ్చి గోడలన్నీ తెల్లటి మచ్చలు పడేలా మందు కొట్టి వెళ్ళారు. సాయంత్రానికి ఇంటి ఇల్లాలు ఎర్రమట్టి, పేడ కలిపి ఆ మచ్చలు కనపడకుండా అలికేసింది. రెండు రోజుల్లో పండుగ, ఆమెను తప్పుపట్టలేం. పండుగ చూసుకుని మందు కొట్టడానికి రాని వాళ్ళను తప్పుపట్టవచ్చు. కొట్టాక కనీసం రెండు మూడు నెలలు అలకడం, సున్నం వేయడం ఆపాలి.

ప్రభుత్వం ఇచ్చే మందు పూసిన దోమతెరలు మూడేళ్ళ దాకా, సుమారు ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తాయి. మామూలు సబ్బుతో ఉతికి నీడలో ఆరేయాలి. బ్లీచింగ్, ఎండ వద్దు. చేపలు పట్టడానికి, మిర్చి నారుమడి మీద కప్పడానికి పోయిన తెరలు నేను ఎన్నో చూశాను.

మీ తమ్ముడు వచ్చే కోతలకు మళ్ళీ వెళతాడు కాబట్టి అతనికి ఇవి పనికొస్తాయి. యంత్రం మీదనో, కల్లంలోనో పడుకున్నా కట్టుకోగలిగే ఒంటరి దోమతెర, రాత్రి పని చేస్తే నిండు చేతుల చొక్కా, ఒంటికి పూసుకునే దోమల మందు. ఆరు వారాల లోపు బస అయితే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి, వెళ్ళే రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు. చాలామంది ఇల్లు చేరగానే ఆపేస్తారు, మందు అక్కరకు వచ్చేది సరిగ్గా ఆ నాలుగు వారాల్లోనే. అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు, ఎండకు చర్మం కమలవచ్చు. గర్భిణులకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదు. ఇంకా ఎక్కువ కాలం ఉండేవాళ్ళకు వారానికొకటి వేసే మెఫ్లోక్విన్ ఉంది. కానీ తల తిరగడం, నిద్రలో కలతలు తెచ్చే మందును యంత్రం నడిపేవాడికి రాయడం నాకు ఇష్టం ఉండదు. ఫిట్స్, మానసిక సమస్యలు ఉన్నవాళ్ళకు అసలే వద్దు. ఉద్యోగం కోసం ఆఫ్రికా దేశాలకు వెళ్ళేవాళ్ళు కూడా ఈ సంగతి డాక్టరుతో మాట్లాడి బయల్దేరాలి. తిరిగొచ్చాక జ్వరంతో వచ్చి ఎక్కడి నుంచి వచ్చారో చెప్పని రోగులు నాకు తారసపడ్డారు, మేము అడిగితే తప్ప చెప్పరు.

టీకా గురించి అడిగేవాళ్ళకు: 2021లో ఆర్‌టీఎస్ఎస్, 2023లో ఆర్21 అనే రెండు టీకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. రెండోదాన్ని పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది. ఇప్పుడు అవి వేస్తున్నది ప్రధానంగా ఆఫ్రికాలో ఫాల్సిపేరం ఎక్కువగా ఉన్న చోట్ల చిన్నపిల్లలకు. కోతలకు వెళ్ళే డ్రైవరుకు అవి పనికిరావు.

చివరిగా మీరు చేయాల్సినవి. రేపు పొద్దున ఆ నాలుగు పరీక్షలు. మందు మొదలైన రోజును సున్నా అనుకుంటే మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు స్లైడు పరీక్ష, మధ్యలో జ్వరం వస్తే ఆ రోజే. మూడు రోజులు దాటినా జ్వరం ఉంటే, లేదా స్లైడులో ఇంకా ఉంగరాలు కనిపిస్తే మందు మార్చాల్సి రావచ్చు. ఒక పదిహేను రోజులు యంత్రం ఎక్కనివ్వకండి. ఇక్కడ నేను రాసింది అతణ్ణి కళ్ళారా చూసిన డాక్టరు మాటకు బదులు కాదు. క్రియాటినిన్, బిలిరుబిన్ ఎంత వచ్చాయో, ప్రైమాక్విన్ ఇచ్చారో లేదో రేపు ఇక్కడే రాయండి, ఓపీ అయ్యాక చూసి చెబుతాను.